అందరూ చూసిన నా గర్భసంచి

నా గర్భసంచిని ఐదుగురు చూశారు. మా ఆయన, మా అత్త, మా మరిది, కోరుట్ల నుంచి వచ్చిన మా అవ్వ (నన్ను కన్న తల్లి), మమ్మల్ని జగిత్యాల తీసుకుపోయిన ఆటో అతను. చూడనిదాన్ని నేనొక్కదాన్నే. పదిహేనేళ్లుగా ఈ మాట అంటూనే ఉన్నాను. మొదట్లో మా ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లు. తర్వాత విసుక్కున్నారు. ఇప్పుడు నేను నోరు తెరవకముందే "ట్రే ముచ్చటనా?" అంటారు.

తెలియనివాళ్లకు ఆ ట్రే సంగతి చెప్పాలి. నన్ను తీసుకుపోయిన దవాఖానలో ఒక పద్ధతి ఉండేది. ఆపరేషన్ అయ్యాక లోపలి తలుపు కొంచెం తెరుచుకుంటుంది. సిస్టరు బయటికి వచ్చి పేషెంటు తాలూకు వాళ్లను పిలుస్తుంది. ఆమె చేతిలో స్టీలు ట్రే, అందులో తీసిన గర్భసంచి. అందరూ ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చూస్తారు. "అవ్వో" అంటారు. తల ఊపుతారు. ట్రే లోపలికి పోతుంది. తీశామని చెప్పి తీయకుండా వదిలేయలేదన్నదానికి అది రుజువు. మా సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే జాబర్ కూడా ఇదే పని చేస్తాడు. అరిగిన ముక్కను విప్పి, "చూడు, ఎట్ల అరిగిందో" అని చేతిలో పెడతాడు. తేడా ఒక్కటే. సాంచా ఎవరిదో వాళ్ల చేతిలోనే పెడతాడు జాబర్.

మత్తు దిగాక సిస్టరును అడిగాను.

"నాకు చూపియ్యలేదు."

"ఏంది చూపియ్యలేదమ్మా?"

"నాదే. నా సంచి."

"మీవోళ్లు చూసిండ్రు గదా!"

"వాళ్లది కాదు గదా అది."

పక్క మంచం మీదున్న ఆమెకు నవ్వొచ్చి, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని మూలిగింది. "చూస్తే నాలుగు దినాలు బువ్వ వోదు. పండుకో" అని సిస్టరు సెలైను గొట్టం సరిచేసి వెళ్లిపోయింది. ఆటో అతనికి బువ్వ బాగానే దిగింది కదా అని నేను అప్పుడు అనలేకపోయాను. ఇంటికి వచ్చాక అన్నాను. ఇప్పటికీ అంటున్నాను.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. పదిహేడేళ్లకు పెళ్లి, తర్వాత ఒక ఆడబిడ్డ, ఒక కొడుకు, వెంటనే పిల్లలు కాకుండా ఆపరేషన్. కొన్నేళ్లకు తెల్లబట్ట ఎక్కువైంది, నడుము లాగేది. మా గల్లీలో ఒక ఆరెంపీ ఉండేవాడు. పెద్ద చదువు లేకుండానే సూదిమందు వేసే డాక్టరు. లక్షణాలు విని, ముట్టుకోకుండానే, "సంచికి పుండ్లయినయి. ఉంచుకుంటే క్యాన్సర్ల దిగుతది" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఇల్లు చల్లబడిపోయింది. మా అత్త అందరికంటే ముందు తేరుకుంది. "పిల్లలైపోయిండ్రు. ఇగ గా సంచితోని పనేముంది? తీపిచ్చెయ్యుండ్రి" అంది. ఖాళీ నూలు సంచిని మూలన ఎందుకు పెట్టుకోవడం అన్నట్టుగా.

ఆ నెలలో నూలు రాలేదు, సాంచాలు ఆగి ఉన్నాయి. ఇది నేను తర్వాత గమనించిన విషయం. మా గల్లీలో ఆడవాళ్ల ఆపరేషన్లు ఎక్కువగా ఆర్డర్లు లేని రోజుల్లోనే జరుగుతాయి. మగవాళ్లు ఖాళీగా ఉంటారు, దవాఖానలో కూర్చునే మనిషి దొరుకుతాడు. చీరల ఆర్డరు వచ్చి సాంచాలు రాత్రింబవళ్లు నడిచే నెలల్లో ఎవరి గర్భసంచికీ పుండ్లు పడవు. ఎందుకని ఆరెంపీని ఒకసారి అడిగాను. "నువ్వు గవన్ని లెక్క వెడ్తానవా?" అన్నాడు. ఆ మాటా నాకు గుర్తుంది.

రెండేళ్లు తిరగకుండానే చలికాలంలో చెమటలు పట్టడం మొదలైంది. ఉన్నట్టుండి మెడ దగ్గర మంట లేచి తల మీదికి ఎక్కేది. తర్వాత మోకాళ్లు. అందరూ దుప్పట్లు కప్పుకున్నప్పుడు నేను ఫ్యాను వేస్తే మా అత్త, "దీనికన్నీ వింత బీమార్లే" అనేది. ఇప్పుడు నేను బడి పిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డులో పని చేస్తున్నాను. మిషను తొక్కడం లేదు, కరెంటుదే. అయినా లేచి నిలబడాలంటే బల్ల అంచు పట్టుకోవాలి. ఈ ఏడు ఎండలు మొదలయ్యేటప్పుడు, మోకాళ్లు ఇక మాట వినక, సిరిసిల్లలోనే సర్కారు దవాఖానకు వెళ్లాను. అక్కడున్న ఆడ డాక్టరు నా కథంతా విని ఒక ప్రశ్న వేసింది.

"గర్భసంచి ఒక్కటే తీసిండ్రా? అండాశయాలు గూడ తీసిండ్రా?"

"అంటే ఏంది మేడం?"

ఆమె కుడిచేతి పిడికిలి బిగించి బల్ల మీద పెట్టింది. "ఇది సంచి. పిల్లలు పెరిగేది దీంట్ల." పిడికిలికి అటూ ఇటూ ఎడమచేతి వేలితో తాకి చూపించింది. "గిక్కడ ఒకటి, గిక్కడ ఒకటి, బాదం గింజల లెక్క ఉంటయి. అవి వేరే. పిల్లలైపోయినా వాటి పని అయిపోదు. ఎముకలు గట్టిగ ఉండాలన్నా, ఒంట్ల వేడి సక్కగ ఉండాలన్నా అవి కావాలె."

నేను ఆ పిడికిలి వంకే చూస్తూ ఉండిపోయాను. ఇద్దరిని కన్నాను, రెండు ఆపరేషన్లు చేయించుకున్నాను, నలభై దాటాను. నా లోపల ఏది ఎక్కడ ఉంటుందో ఒక మనిషి చెయ్యి పెట్టి చూపించడం అదే మొదలు. కోపం రావాల్సింది, ముందు ఆసక్తి వచ్చింది. ఇంకోసారి చూపించమన్నాను. చూపించింది.

స్కానింగు కూడా చేసింది. "కనపడ్తలేవు. కానీ ఇన్నేండ్ల తర్వాత ఉన్నా కనపడకపోవచ్చు. తీసిండ్రని గట్టిగ చెప్పలేను."

"అసలు అప్పుడు తియ్యాల్సిందేనా మేడం? గోలీలతోని తక్కువయ్యేదా?"

"తెల్లబట్ట చాలామందికి గోలీలతోనే తగ్గుతది. మీది నేను చూడలేదు. చూడనిదాని గురించి ఎట్ల చెప్త?"

ఆ జవాబు నాకు నచ్చలేదు. కానీ పదిహేనేళ్లలో, తాను చూడలేదని నా ముందు ఒప్పుకున్న మొదటి డాక్టరు ఆమే.

ఈ ఆలోచనల్లో నేనుండగా, అదే వారంలో మా యారాలి సంగతి బయటపడింది. యారాలంటే మా మరిది భార్య. బోయినపల్లి వైపు పిల్ల, నాకంటే పదమూడేళ్లు చిన్న. ఇద్దరు పుట్టాక నాలాగే పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంది. కొన్ని నెలలుగా ముట్టు ఆగకుండా అవుతోంది. గోడ పట్టుకుని నడుస్తోంది, ముఖం సున్నం కొట్టినట్టుంది. ఆ పాత ఆరెంపీ దగ్గరికే పోయారు. అతను ఆ పాత మాటే చెప్పాడు. జగిత్యాలలో ఒక దవాఖానకు పంపుతానన్నాడు. పై వారం సోమవారానికి రమ్మన్నారు. సాంచాలు ఆగి ఉన్నాయని వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా నాకు అన్నం తినేటప్పుడు మా మరిది చెప్పాడు. చెప్పి, భార్య వైపు తిరిగి, "నువ్వేం రంది వెట్టుకోకు. వదినది తీసినంక మంచిగనే ఉన్నది గదా!" అన్నాడు.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "నేను మంచిగున్ననని నీకెవలు చెప్పిండ్రు?"

"మంచిగనే ఉన్నవ్ గదా వదినా. పనికి పోతున్నవ్, లొల్లి వెడ్తున్నవ్."

మా అత్త నవ్వింది. మా ఆయన కూడా ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు. నేను డాక్టరు పిడికిలి పెట్టినట్టే అన్నం చేత్తో పిడికిలి పెట్టి, బాదం గింజల ముచ్చట చెప్పాను. అవి కూడా తీసేసినందుకే నా ఒళ్లు ఇట్లయిందని చెప్పాను.

"తీసిండ్రని నీకు రుజువుందా?" అన్నాడు మరిది.

"నువ్వే గదా చూసినోనివి!"

"నేనేం చూసిన? జామకాయంతుండె. పక్కపొంటి ఏమున్నయో నేను చూస్తనా?" తర్వాత గొంతు తగ్గించాడు. "వదినా, క్యాన్సర్ అంటున్నరు. రేపు దానికేమన్నయితే నువ్వు జిమ్మా ఉంటవా?"

అతను భయపడ్డాడు. అది నాకు అర్థమైంది. నన్ను మంచి ఉదాహరణగా వాడుకున్నందుకు మాత్రం క్షమించలేదు.

యారాలు నా మాట అసలే పట్టించుకోలేదు. గిన్నెలు కడుగుతూ అంది, "అక్కా, నేను మస్తు పరేషాన్ల ఉన్న. గా సంచి నాకెందుకు? పీకి పారేస్తే పానం హాయిగుంటది. నువ్వేమో మా పెండ్లిల నీకు పోగు తెగిన చీర వెట్టిండ్రని ఇప్పటికి జెప్తవ్. నీ ముచ్చట వింటే నేను దవాఖానకే పోను."

చీరలో పోగు తెగిన మాట నిజం. కొంగు పక్కన, బెత్తెడు పొడవున. నేసేవాళ్ల ఇంటికి పోగు తెగిన చీర పెట్టడమేంటని అడిగితే తప్పా? కానీ ఆ రోజు ఆ చీర నాకు అడ్డం పడింది. అన్నిటికీ గొణిగే మనిషి నిజంగా చెప్పాల్సినప్పుడు చెప్పినా ఎవరూ వినరు. అందుకే రుజువు కావాలనుకున్నాను. సోమవారంలోగా నా లోపల నుంచి ఏమేం తీశారో తెలుసుకోవాలి. చూసినవాళ్లు ఐదుగురూ బతికే ఉన్నారు. ఒక్కొక్కరినీ అడుగుదామని బయల్దేరాను.

మా అత్తకు అన్నీ గుర్తున్నాయి. "పుండ్లే పుండ్లు. కాల్చిన వంకాయ లెక్కుండె."

"పుండ్లు ఎట్లుంటయత్తా?"

"పుండ్ల లెక్కనే ఉంటయి."

"పక్కన రెండు గింజల్లాంటివి ఉండెనా?"

"గింజలా? వంకాయంటే లోపట గింజలుండయా?" అని కోప్పడింది.

మా ఆయనను అడిగితే చాలాసేపు టీవీ రిమోటు నొక్కుతూ కూర్చున్నాడు. చివరికి, "నేను చూడలే" అన్నాడు.

"చూడకపోవుడేంది? అందరికి నువ్వే గదా చెప్పినవ్, చూసిన, ఖరాబయింది అని?"

"సిస్టరు ట్రే తెస్తుంటేనే కండ్లు మూసుకున్న. మా అవ్వ, మీ అత్త, తలకాయ ఊపింది. నేనూ ఊపిన."

సంతకం పెట్టింది ఆయనే. చూశానన్నదీ ఆయనే. కళ్లు మూసుకున్న మనిషిని కూడా చూసినవాళ్లలో కలిపి పదిహేనేళ్లు లెక్క చెప్పాను నేను. ఆ రాత్రి చాయ్ చేయలేదు. పొద్దున కూడా చేయలేదు.

ఆటో అతను ఇప్పుడు ఆటో నడపడం లేదు, కోళ్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆదివారం రద్దీలో వెళ్లడం నాదే పొరపాటు. విషయం చెప్పగానే కత్తి ఆపి, నలుగురి ముందు, "మీదా? నాకు మస్తు యాదున్నదక్కా! పెట్టకోడి కడుపుల గుడ్ల సంచి లెక్క ఉండె" అన్నాడు.

"పక్కన రెండున్నయా?"

"రెండేంది, నాలుగున్నయి."

"నాలుగుంటయా ఎవలికన్న?"

"మరి నాకెందుకట్ల యాదికున్నదో" అని, కోసిన కోడిని తిప్పి చూస్తూ ఆలోచనలో పడ్డాడు. వెనక నిలబడ్డ ఆమె "జల్ది కొట్టు, నాది లివరు వెయ్యి" అంది. నేను వచ్చేశాను.

సోమవారం రమ్మన్నది జగిత్యాలలో కొత్త దవాఖాన. నాకు ఆపరేషన్ చేసింది పాతది. అక్కడ కాగితాలుంటాయేమోనని షెడ్డుకు సెలవు పెట్టి బస్సెక్కాను. ఆ వీధి గుర్తుంది, మెట్లు గుర్తున్నాయి. పైకి వెళ్తే అది బట్టల షోరూం. ఆపరేషన్ గది తలుపు ఉండాల్సిన చోట అద్దం, దాని ముందు చుడీదార్ తొడిగిన బొమ్మ. దవాఖాన ఎప్పుడో మూసేశారట, డాక్టరు ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదు.

"ఏం చూపియ్యాలె మేడం?" అంది కౌంటరు దగ్గరి పిల్ల.

చూపించాల్సింది ఇక్కడే ఒకప్పుడు చూపించలేదని ఆ పిల్లకు ఏం చెప్తాను? ఒక జాకెట్టు ముక్క కొనుక్కుని దిగాను. రంగు పోతుందని తెలిసీ కొన్నాను.

తిరిగి సిరిసిల్ల బస్సెక్కకుండా కోరుట్ల వెళ్లాను, అవ్వ దగ్గరికి. అవ్వ చేటలో తునికాకు కత్తిరించుకుంటూ కూర్చుని ఉంది. కళ్లు సరిగా కనపడకపోయినా వేళ్లు బీడీ చుడుతూనే ఉంటాయి. టీవీ నడుస్తోంది. ఎవరో పెద్దమనిషి, మన దిక్కు జనం తగ్గిపోతున్నారు, ఇప్పటినుంచి ఎక్కువమందిని కనాలి అని చెప్తున్నాడు.

"ఎవల్ని గనుమంటుండే?" అంది అవ్వ.

"మమ్ముల్నే."

"నీకు సంచే లేకపాయె" అని పకపకా నవ్వింది. ఆ నవ్వుకు చేటలోని ఆకు కూడా కదిలింది.

నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మా అవ్వ ఏడుగురిని కన్నది, ఐదుగురం మిగిలాం. నేను ఇద్దరితో ఆగాను. నా బిడ్డ ఒక్కడితో ఆగింది. రెండో కాన్పు ముచ్చటెత్తితే ఫోను పెట్టేస్తుంది. నా కొడుకు నా కడుపులో ఉన్నప్పుడు, ఇంటింటికీ తిరిగే నర్సమ్మ వాకిట్లో నలుగురి ముందు, "ఇంకెంతమందిని కంటవు? ఇది అయినంక ఆపరేషన్ కాకుంటే చూడు" అని నన్ను కోప్పడింది. అప్పుడు కనొద్దని చెప్పడానికి మనిషి ఇంటికి వచ్చింది. ఇప్పుడు కనమని చెప్పడానికి టీవీలో మనిషి వచ్చాడు. నడుమ ఏమైందో, అవ్వ ఏడుగురి దగ్గర నుంచి నా బిడ్డ ఒక్కడి దాకా మేమెట్లా వచ్చామో అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు. వచ్చి ఉంటే అవ్వ చాలా చెప్పేది.

ఆ రోజు నాకే చెప్పింది. ఐదో కాన్పు తర్వాత సంచి కిందికి జారేదట.

"మరేం జేసినవ్?"

"ఏం జేస్త? లోపటికి నూకుకుని బీడీలకు కూసుండుడే. దవాఖాన్ల ఎవలికి చూపిస్త? మీ నాయినకు గూడ తెల్వదు."

ఇన్నేళ్లు నాకూ తెలియదు. అవ్వది ఒక్కరూ చూడలేదు, నాది ఊరంతా చూసింది. ఈ రెంటి నడుమ ఇంకో దారి ఉంటుందని మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. నేను వచ్చిన పని అడిగాను. ట్రేలో పక్కన రెండు గింజలు ఉన్నాయా లేవా?

అవ్వ కత్తెర పక్కన పెట్టింది. "నేను గిన్నెల ఏమున్నదో చూడలే బిడ్డా. గా సిస్టరును, నా బిడ్డకు తెలివి అచ్చిందా అని అడుగుతున్న. ఆమె చెప్పకపాయె. తలుపు సందుల నుంచి నువ్వు కనపడ్తవేమోనని అటే చూసిన."

 కాసేపు నేనూ ఆకు కత్తిరించాను.

ఆదివారం కోళ్ల దుకాణంతో మొదలైన తిరుగుడు శుక్రవారానికి ముగిసింది. ఇంటికి వచ్చేసరికి యారాలు సంచి సర్దుతోంది. నైటీలు, గ్లాసు, దుప్పటి. రుజువు దొరికిందా అని వెటకారంగా అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. వంకాయ, జామకాయ, నాలుగు గుడ్లు, మూసుకున్న కళ్లు, తలుపు సందు. చెప్తుంటే ఆమె నవ్వీ నవ్వీ మంచం మీద కూర్చుంది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"అయితే నీ లోపటి నుంచి ఏం పోయిందో ఒక్కరికి గూడ తెల్వదా అక్కా?"

"తెల్వదు."

"నాది గూడ గట్లనే చూస్తరా? మీ మరిది, అత్త, ఆటోవాడు?"

"మీ అవ్వొస్తే మీ అవ్వ గూడ."

చాలాసేపు నైటీ మడతను మళ్లీ మళ్లీ మడిచింది. రేపు ఒక్క పూట సర్కారు దవాఖానకు నాతో రా, ఆ మేడం చూశాక కూడా తీయించుకోవాలనిపిస్తే సోమవారం నేనే నీ సంచి మోస్తానన్నాను. ఆ మాట అనడం నాకు ఇష్టం లేదు. అనకపోతే రాదని తెలుసు.

శనివారం ముగ్గురం వెళ్లాం. మరిది కూడా వచ్చాడు, నా మీద నమ్మకం లేక. లోపలికి పిలిచినప్పుడు అతనే ముందు లేచాడు. డాక్టరు, "మీరు బయట కూసోండి. మీకేం గాలేదు గద" అంది. అతను నా వైపు చూశాడు. నేను గోడ మీది బొమ్మ వైపు చూశాను. ఆ తర్వాత ఆమె నన్ను కూడా బయటికి పొమ్మంది. తీసుకొచ్చిందే నేనని చెప్పాను. "ఆమె ఉండమంటే ఉండుండ్రి" అంది. యారాలు నా వైపు ఒక్క క్షణం చూసి, "ఉండనియ్యిండ్రి మేడం" అంది. ఆ ఒక్క క్షణం ఆలోచించిందన్నది నాకు గుర్తుంది.

డాక్టరు పరీక్ష చేసింది, స్కానింగు చేసింది, క్యాన్సర్ అనుమానం తీర్చుకోవడానికి లోపలి నుంచి కొంచెం తడి తీసి పరీక్షకు పంపింది. రక్తం బాగా తక్కువుందని, సంచి గోడకు చిన్న గడ్డ ఉందని చెప్పింది. స్కానింగు తెరను యారాలి వైపు తిప్పి, వేలితో చూపించింది. "గిది నీ సంచి. గిదేమో గడ్డ. గివి రెండు అండాశయాలు."

యారాలు మోచేతి మీద లేచి చూసింది. నేనూ వంగాను. బూడిద రంగులో, వానలో టీవీ బొమ్మలాగా ఉంది. ఏది ఏదో నాకు సగమే అర్థమైంది. ఆమె మాత్రం అడుగుతూనే ఉంది. గడ్డ పెరుగుతదా? తీయకపోతే ఏమైతది? తీస్తే ఏమైతది? గోలీలు ఎన్ని దినాలు? ఇంట్లో నోరెత్తని పిల్ల అన్ని అడుగుతుందని నేననుకోలేదు.

"గోలీలతోని రక్తం పోవుడు తక్కువ చెయ్యొచ్చు. రక్తం పెరగడానికి వేరే మందులిస్త. మూడు నెలలు చూద్దాం. తగ్గకపోతే ఇంకా దారులున్నయి, ఆపరేషన్ గూడ ఒకటి. అది తప్పని నేనంటలేను. కానీ ముందు అదే అని ఎవరన్నరు? నీకేం గావాలె చెప్పు."

 ఆ ప్రశ్న యారాలిని అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. నన్నూ ఎవరూ అడగలేదు. నా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది, ఆమె బదులు చెప్పేద్దామని. డాక్టరు నా వైపు చూసింది. మింగేశాను.

"పరీక్ష ఏమైతదో రానియ్యిండ్రి. గప్పటిదాక గోలీలు వేసుకుంట" అంది యారాలు.

బయటికి రాగానే మరిది, "మరి సోమవారం?" అన్నాడు. యారాలు అతని జేబులోంచి ఫోను తీసుకుని, జగిత్యాల దవాఖానకు తానే కలిపి, రావడం లేదని చెప్పింది. అవతల ఏదో అడుగుతుంటే, "ఎందుకంటే నేను అస్తలేను గాబట్టి" అని పెట్టేసింది.  నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ సంతోషంలో, "మంచి పని జేసినవ్. ఇగ జీవితంల ఆ ఆపరేషన్ ముచ్చట తియ్యకు" అన్నాను.

ఆమె ఆగిపోయింది.

"అక్కా, మూన్నెల్లు చూస్త. తక్కువైతే ఉంచుకుంట. కాకుంటే తీపిచ్చుకుంట, గా రెండు ఉంచుమని చెప్పి మరీ తీపిచ్చుకుంట. ఆయన చెప్పొద్దు, నువ్వూ చెప్పొద్దు. నాది నాకు ఇడిసిపెట్టుండ్రి."

ఇంత చేసిన మనిషితో అనాల్సిన మాటేనా అది? ఆటోలో నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.  మా మరిది మాత్రం దారంతా ఆరెంపీకి ఏం చెప్పాలా అని చింతపడుతూ కూర్చున్నాడు.

పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది. ఆ వారమే నూలు దిగింది, సాంచాలు మొదలయ్యాయి. యారాలు మళ్లీ నూలు కండెలు చుడుతోంది. మా గల్లీలో ఎవరడిగినా "మేడం మస్తు మంచిగ చూసింది" అని చెప్తుంది. ఆ మేడం దగ్గరికి ఎవరు తీసుకుపోయారన్న మాట ఆ కథలో రాదు. నేను రెండు మూడుసార్లు అక్కడే నిలబడి విన్నాను. రాలేదు. ఇద్దరు ఆడవాళ్లు ఆమెనే తోడు అడిగి సర్కారు దవాఖానకు వెళ్లారు.

నేను వారానికోసారి, "తక్కువైందా?" అని అడుగుతాను. "చెప్పేదుంటే నేనే చెప్త" అంటుంది. ఇప్పుడు మూడో నెల నడుస్తోంది. ఉంచుకుంటుందో, తీయించుకుంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని మాత్రం చాలా ఉంది. మొన్న నేను షెడ్డుకు బయల్దేరుతుంటే, బకెట్టులో బట్టలు పిండుతూ తల ఎత్తకుండా అంది.

"ఈ నెల నాలుగు దినాలే అయింది."

"అయితే ఉంచుకుంటవా?" అన్నాను, ఆగలేక.

"ఇగో, గిందుకే నీకు చెప్పబుద్ధి గాదు" అని, పిండిన బట్టలు దండెం మీద ఆరేయడానికి వెళ్లింది. గోడ పట్టుకోకుండానే వెళ్లింది.